రేవు మిల్లుకు ముగింపు

సోమవారం

ఈ పొద్దున గ్రంథాలయం తలుపు గడియకు ఒక గుడ్డ మూట వేలాడుతోంది. విప్పి చూస్తే సీసా నిండా ముల్లంగి ఆవకాయ. ఇక్కడ మామిడి కాయదు. ముల్లంగి వద్దన్నా కాస్తుంది. సీసా మీద పేరు లేదు. మా కాలనీలో గిన్నెడు చారు ఇచ్చినా సాయంత్రానికి పదిమందికి తెలుస్తుంది. పేరు చెప్పకుండా ఆవకాయ పెట్టారంటే అది లంచమే అయ్యుండాలి. నాకు లంచం ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

కాసేపటికి కమిటీ అధ్యక్షుడు పానకాలు గారు వచ్చారు. కూర్చోలేదు. నా వెనక బీరువాతో మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"రేవు మిల్లుకి ముగింపు నువ్వు రాయాలమ్మాయ్. నిన్న తీర్మానం అయింది."

"నేనా అండీ?"

"కాలనీ మొత్తం మీద పుస్తకాన్ని ఆఖరి పేజీ దాకా చదివేది నువ్వొక్కదానివేనంట. మిగతావాళ్ళం సగంలో నిద్రపోతాం."

ఆ నిద్రకు కూడా నాదే బాధ్యత అన్నట్టు ఉంది ఆయన గొంతు.

"రేవు మిల్లు" తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న కథ. రోజూ సాయంత్రం భోజనశాల గోడలోంచి ఒక యంత్రం చెబుతుంది. దానికి పొడుగాటి పేరేదో ఉంది కానీ అందరూ వాగుడుకాయ అంటారు. అప్పట్లో జనం తోచక పోట్లాడుకుంటుంటే, ధ్యాస మళ్ళించడానికి దాన్ని తెచ్చి పెట్టారు. కథ చెబుతూ ఉండడం నేర్పారు. ఆపడం నేర్పలేదు. ఇప్పుడు జనం కథ గురించి పోట్లాడుకుంటారు.

కథంతా భూమి మీద, ఒక ఏటి ఒడ్డున ఉన్న బియ్యం మిల్లు చుట్టూ తిరుగుతుంది. వినేవాళ్ళలో సగం మంది ఇక్కడే, చంద్రుడి మీదే పుట్టారు. ఏరు చూడలేదు. అయినా ఆషాఢంలో ఏట్లో నీళ్ళు మోకాలి దాకా ఉంటాయా, నడుం దాకా ఉంటాయా అని ఒకసారి రెండు కుటుంబాలకు మాటలు పోయాయి.

మొదటి ఏడాది ఎవరికో పాత్రలను దత్తత తీసుకోవాలని బుద్ధి పుట్టింది. ఇంటికొక పాత్ర చొప్పున చీటీలు వేశారు. అప్పటినుంచి ఆ పాత్ర ఆ ఇంటి మనిషి. పుట్టినరోజుకు పాయసం వండుతారు. కథలో ఇద్దరికి పెళ్ళి కుదరబోతోందంటే వాగుడుకాయ కంటే ముందు ఆ రెండిళ్ళ ఆడవాళ్ళు కూర్చుని పెట్టుపోతలు మాట్లాడుకుంటారు.

అసలు గొడవ కొత్త గిన్నెతో వచ్చింది. మేముండేది బోర్లించిన గిన్నెలాంటి కప్పు కింద. దీని జల్లెడలు పాతబడి సన్నటి దుమ్ము లోపలికి వస్తోంది. పక్కనే కొత్త గిన్నె కట్టారు. అక్కడ గాలి శుభ్రం. గదికొక కిటికీ, కిటికీలో భూమి. అయితే అందులో సగం మందికే చోటు. ఎవరు వెళ్ళాలి? ముందు ఊపిరితిత్తులు బాగాలేనివాళ్ళు అన్నారు. మర్నాటికి కాలనీ కాలనీ అంతా దగ్గింది. తరవాత చీటీలు అన్నారు. ఎన్నిసార్లు తీసినా పానకాలు గారి బావమరిదికే వచ్చింది. ఆఖరికి ఎవరి పక్షమూ వహించనిది కథ ఒక్కటేనని తేల్చారు. కథ ముగిసేసరికి ఏ పాత్ర ఊరు దాటి వెళ్తుందో ఆ ఇంటివాళ్ళు కొత్త గిన్నెకు వెళ్తారు. ఏ పాత్ర ఊళ్ళో ఉండిపోతుందో ఆ ఇంటివాళ్ళు ఇక్కడే ఉంటారు. అందరూ నీళ్ళ ట్యాంకు మీద చెయ్యేసి ఒప్పుకున్నారు. ఈ పని చూసే కమిటీకి పెద్ద పేరే ఉంది. జనం కంచి కమిటీ అంటారు.

"గురువారం ఒకసారి, శనివారం ఒకసారి చదివిస్తాం," అన్నారు పానకాలు గారు. "అంకె ఎనభై దాటాలి. రెండుసార్లూ దాటకపోతే గదులు నేనే పంచాల్సి వస్తుంది. ఏం చేస్తాం. బాధ్యత." జేబు తట్టుకున్నారు. జేబులో మడత పెట్టిన కాగితం ఉంది.

అంకె అంటే భోజనశాల గోడ మీద వెలిగే అంకె. కుర్చీలకు ఊపిరి మీటర్లున్నాయి. గాలి వాడకం కొలవడానికి పెట్టినవి. తృప్తి పడ్డ మనిషి ఊపిరి పొడుగ్గా వదులుతాడు. అందరూ అలా వదిలితే అంకె నూరు దిక్కుగా వెళ్తుంది. చేతులెత్తించే పద్ధతి ఎప్పుడో మానేశారు. అందరూ పక్కవాళ్ళ చెయ్యి చూసి ఎత్తుతున్నారని.

మంగళవారం

గ్రంథాలయానికి ఏడాదంతా రానివాళ్ళు ఇవాళ వచ్చారు. ఒక్కరూ పుస్తకం అడగలేదు. తలుపు గడియకు మాత్రం పేరు లేని ఆవకాయ సీసాలు ఇంకో రెండు చేరాయి.

మొదట శేషారత్నం గారు. ఆమె కథానాయిక వైదేహి తల్లి. అంటే దత్తత తల్లి. ఆ తేడా ఆమె ఎదుట అనకూడదు.

"మా పిల్లకి పెళ్ళి చెయ్యి తల్లీ. తొమ్మిదేళ్ళబట్టి ఆ అరుగు మీదే కూచోబెట్టారు. చేసి, ఆ సాయంత్రమే అత్తారింటికి పంపించెయ్."

"అత్తారిల్లు కూడా ఊళ్ళోనే కదండీ. ఎదురిల్లే."

"అమ్మేశారని రాయి. ఇళ్ళు అమ్ముకోరా ఏంటి జనం?"

తరవాత మిల్లు పెద్దాయన ఇంటివాళ్ళు. పెద్దాయన రెండో ఏట ఒకసారి కాశీ వెళ్తానన్నాడట. మాట తప్పే మనిషి కాదట. వంటమనిషి ఇంటివాళ్ళు వంటమనిషి చెల్లెలికి పురుడు రావాలన్నారు. ఆమెకు చెల్లెలు లేదన్నాను. "ఉందని నువ్వు రాస్తే ఉంటుంది," అన్నారు. మేళగాళ్ళకు పక్క ఊళ్ళో కచేరీ. పురోహితుడికి మైల, అదీ దూరపు చుట్టాలది, వెళ్ళి తీరాల్సింది.

దర్జీ ఇంటాయన మెల్లగా దగ్గరికి వచ్చాడు. "మా దర్జీ పోయి మూడేళ్ళయింది గదమ్మా. అస్థికలు ఏట్లో కలిపేశామనుకో. అవి సముద్రం దాకా పోతే ఊరు దాటినట్టే గదా?"

ఎవరికీ కాదని చెప్పలేకపోయాను. కాదనడం నాకు చిన్నప్పటినుంచీ రాదు. కాన్వెంటులో తల ఊపడం నేర్పారు, అది బాగా వచ్చింది.

వెళ్తూ వెళ్తూ అందరూ ఒకే మాట అన్నారు. సర్వేశం సంగతి. సర్వేశం మిల్లు గుమాస్తా. దొంగ వీలునామా పుట్టించాడు, పెద్దాయన తమ్ముడి పాలల్లో ఏదో కలిపాడు, ధాన్యం కొట్టు తగలబెట్టాడు. తొమ్మిదేళ్ళుగా కాలనీ అంతా కలిసి చేసుకునే పని ఏదైనా ఉందంటే వాణ్ణి తిట్టుకోవడమే.

"వాణ్ణి మాత్రం మిల్లు గుమ్మానికి ఉరి తియ్యాలి," అన్నారు శేషారత్నం గారు.

"గుమ్మానికేనా అండీ?"

"గుమ్మానికే. ఊరి బయట వద్దు."

నియమం అందరికీ బాగానే గుర్తుంది.

బుధవారం

ఆవకాయలో ముల్లంగి ముక్క రాయిలా ఉంది. పన్ను విరిగింది. పళ్ళ డాక్టరు సుభాషిణి గారి దగ్గరికి వెళ్ళాను.

సర్వేశం చీటీ వచ్చింది వాళ్ళింటికి. కాలనీలో పళ్ళ డాక్టరు ఆమె ఒక్కరే, అయినా జనం నొప్పి భరించలేని దాకా వెళ్ళరు. వెళ్ళినా ఊరుకోరు.

"నిన్న మీవాడు చేసిన పని బాగుందా డాక్టరు గారూ, అంటారు," అన్నారామె, నా దవడ కింద దూది పెడుతూ. "నోరు తెరిస్తే తిడతారు, మూసుకుంటే నాకు పన్ను కనపడదు. ఏం చెయ్యను? తిట్టేటప్పుడే పీకేస్తాను."

పక్క గదిలోంచి దగ్గు వినిపించింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఆమె భర్త జోగారావు మాష్టారు. కాన్వెంటులో నాకు లెక్కలు చెప్పారు. ఇప్పుడు మూడు వాక్యాలు చెబితే నాలుగోది దగ్గులో పోతుందని బడి మానేశారు. కాలనీ అంతా దగ్గిన రోజున ఆయన సిగ్గుపడి దగ్గు ఆపుకున్నారు. ఆపుకోలేక స్పృహ తప్పి పడిపోయారు. ఆ రోజు అన్నింటికంటే నాసిరకం నటన ఆయనదేనని భోజనశాలలో అనుకున్నారు.

"పెద్ద డాక్టరు ఏమన్నారండీ?"

"నోట్లో దూది ఉంది, మాట్లాడకు. ఏమంటాడు. ఈ దుమ్ములో ఇంకో ఏడాది అంటే గొప్పే అన్నాడు. అవతలి గిన్నెలో అయితే పదేళ్ళు బతుకుతాడు, నన్ను విసిగిస్తాడు అన్నాడు."

నేను ఆమె వంక చూశాను. అడుగుతారేమోనని.

"అడగను," అన్నారామె. "మాదీ ఒక ఇల్లే, మాకూ ఒక పాత్ర ఉంది, ఆ పాత్ర ఏం చేశాడో నీకూ తెలుసు నాకూ తెలుసు. ఉమ్మెయ్."

ఉమ్మేశాను.

బయటికి వస్తుంటే మాష్టారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఫిలోమినా. ఒక మాట. సర్వేశాన్ని మంచివాణ్ణి మాత్రం చెయ్యకు." దగ్గారు. నేను ఆగాను. "తొమ్మిదేళ్ళు పెంచాం. వాడు మారడు. మారాడని రాస్తే లెక్క తప్పుతుంది."

ఉన్న ఒక్క దారి కూడా ఆయనే మూసేశారు.

గురువారం

అడిగినవాళ్ళందరినీ ఊరు దాటించి రాశాను. పెద్దాయన కాశీకి, వంటమనిషి లేని చెల్లెలి పురిటికి, మేళం కచేరీకి, పురోహితుడు మైలకు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇల్లమ్మి బండెక్కారు. దర్జీ అస్థికలు సముద్రం చేరాయి. సర్వేశం మీద అరెస్టు వారంటు వచ్చిందని వాణ్ణి పట్నం జైలుకు పంపాను. ఊళ్ళో కుక్క మిగిలింది. కుక్క కూడా ఒక ఇంటి దత్తతేనని గుర్తొచ్చి దాన్ని బండి వెనక పరిగెత్తించాను.

వాగుడుకాయ చదివింది. దాని గొంతు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది, అయినా ఇవాళ కొంచెం నొచ్చుకున్నట్టు అనిపించింది.

ఏ ఇంటి పాత్ర వెళ్తుంటే ఆ ఇంటివాళ్ళు కళ్ళు దించుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళు మాత్రం ఊరుకోలేదు.

"వీడెక్కడికిరా?"

"పెళ్ళి పెట్టుకుని కాశీ ఏమిటి, పెద్దాయనకి మతి పోయిందా?"

"ఆ వంటమనిషికి చెల్లెలెప్పుడు పుట్టింది?"

వైదేహి ఒక్కతే పందిట్లో నిలబడి ఉంటే, మంత్రాలు చదివేవాడు లేక పెళ్ళికొడుకే చదువుకుంటుంటే, శేషారత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నా పిల్ల నెత్తిన నాలుగు అక్షింతలు వేసే చెయ్యి లేకపోయింది," అని ఏడ్చారు. ఆ సాయంత్రమే ఊరు దాటించమన్నది తానేనని ఆమెకు గుర్తులేదు. అబద్ధం కాదు, నిజంగానే గుర్తులేదు.

గోడ మీద అంకె పన్నెండు.

ఎవరో చెప్పు విసిరారు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి విసిరిన చెప్పు ఎత్తుగా లేచి తీరిగ్గా దిగుతుంది. తప్పుకోవడానికి, ఎవరిదో చూడడానికి కూడా వ్యవధి ఉంటుంది. దర్జీ ఇంటాయనది.

పానకాలు గారు నా దగ్గరికి వచ్చి, "పోన్లే అమ్మాయ్, బాధపడకు. శనివారం ఇంకోసారి ఉందిగా," అన్నారు. జేబు తట్టుకుంటూ అన్నారు.

ఆ కాగితంలో ఏ పేర్లున్నాయో అందరికీ తెలుసు. జోగారావు మాష్టారి పేరు లేదని కూడా తెలుసు. కిందటి వారం పానకాలు గారి పన్ను పీకింది సుభాషిణి గారే.

శుక్రవారం

నేను పెరిగిందీ ఇప్పుడు ఉంటున్నదీ నీళ్ళ ట్యాంకు వెనక కాన్వెంటులో. ముగ్గురు సిస్టర్లు, నేను. సిస్టర్ క్లెమెన్షియాకు ఎనభై దాటాయి. కథ వచ్చే వేళ జపమాల వేళ ఒకటే కాబట్టి ఆమె ఏనాడూ రేవు మిల్లు వినలేదు. నేను తిరిగొచ్చాక కథ గురించి ఒకే ప్రశ్న అడుగుతుంది.

"పడవ ఇంకా కారుతోందా?"

"కారుతోంది సిస్టర్."

"పాపం," అని పడుకుంటుంది.

ఇవాళ పొద్దున ముగింపు సంగతి ఆమెతో చెప్పాను. వ్యాసం రాయడం నాకు నేర్పింది ఆమే. "మంచివాళ్ళకు మంచి, చెడ్డవాళ్ళకు చెడు అనేది పరలోకంలో చూసుకుంటారు," అంది. "కథకు అంత పని లేదు. వినేవాళ్ళకు ఇక లేవచ్చని తెలిస్తే చాలు." తరవాత, "కొత్త దాంట్లో కిటికీలున్నాయట గదా. భూమి ఇంకా నీలంగానే ఉందా?" అంది. ఆమె అక్కణ్ణించి వచ్చింది. వచ్చాక మళ్ళీ చూడలేదు.

రోజంతా కూర్చున్నా ఒక్క వాక్యం రాలేదు. సర్వేశాన్ని గుమ్మానికి ఉరితీస్తే అంకె వస్తుంది, మాష్టారు పోతారు. తియ్యకపోతే అంకె రాదు, పానకాలు గారి కాగితం బయటికి వస్తుంది, అప్పుడూ మాష్టారు పోతారు. మంచివాణ్ణి చేద్దామంటే ఆయనే ఒప్పుకోలేదు.

సాయంత్రం భోజనానికి వెళ్ళాను. కోటిలింగం గారు ఎప్పటిలాగే పద్యం పాడుతూ తింటున్నారు. ముద్దకూ ముద్దకూ మధ్య రాగం తీస్తారు. ఎన్నో ఏళ్ళుగా అందరూ భరిస్తున్నారు. ఇవాళ నిన్నటి ముగింపు దెబ్బకు అందరికీ చిరాగ్గా ఉంది.

"బాబాయ్, కాసేపు బయట కూచుని తినరాదూ," అన్నారు ఎవరో.

"నా పాటకేం రోగం?"

"పాటకేం లేదు. మాకే చెవులున్నాయి."

కోటిలింగం గారు పళ్ళెం పట్టుకుని లేచారు. నడవలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అవతల రాగం సాగుతూనే ఉంది, సన్నగా.

నేను గోడ వంక చూశాను. నలభై దగ్గర ఉన్న అంకె తొంభై ఒకటికి వెళ్ళి అక్కడే నిలబడింది. ఎవరూ దాన్ని చూడలేదు. అందరూ పప్పు కలుపుకుంటున్నారు.

కోటిలింగం గారిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, పళ్ళెం కూడా లాక్కోలేదు. జనానికి శిక్ష అక్కర్లేదు. తలుపు మూసుకున్న చప్పుడు చాలు. వాడు బయట, మనం లోపల. దానికి మించిన తృప్తి మా కాలనీలో ఎవరికీ తెలిసినట్టు లేదు. పుస్తకాలలో కూడా చాలా వాటికి తెలియదు.

పెరుగు తినకుండా లేచి వచ్చి రాయడం మొదలుపెట్టాను.

శనివారం

భోజనశాల నిండిపోయింది. కోటిలింగం గారిని కూడా లోపలికి రానిచ్చారు, పాడనని ఒట్టు పెట్టించుకుని. సుభాషిణి గారు, మాష్టారు ఆఖరి వరసలో కూర్చున్నారు. వాళ్ళ ముందు వరస ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

వాగుడుకాయ అందుకుంది.

వాన. కాశీకి బయల్దేరిన పెద్దాయన స్టేషను దాకా వెళ్ళి, పట్టాలు మునిగాయని తిరిగొచ్చాడు. "మంచిపని అయింది," అన్నారు ముందు వరసలో. వంటమనిషి పొయ్యి ముందు కూర్చుంది. చెల్లెలి ఊసే లేదు. ఎదురింటివాళ్ళు ఇల్లు అమ్మలేదు సరికదా, సున్నం వేయించారు. మేళం వచ్చింది. పురోహితుడు వచ్చాడు. దర్జీ అస్థికల కుండ ఏట్లో కలపకుండా అతని భార్య ఇంట్లోనే దాచుకుంది, "ఆయన ఊరు వదిలి ఎక్కడికీ పోయే మనిషి కాదు," అని. దర్జీ ఇంటాయన కళ్ళు తుడుచుకున్నాడు.

పెళ్ళి మిల్లు వాకిట్లో జరిగింది. పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో పేరుపేరునా రాశాను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కనిపించిన పోస్టుమాను కూడా ఉన్నాడు. కుక్కకు కూడా ఒక విస్తరి వేశాను. తమ పేరు వినపడ్డ ఇల్లు కుర్చీలో సర్దుకుని కూర్చునేది. పేర్లు అయిపోయేసరికి హాలంతా పెళ్ళివారిలాగే కూర్చుంది. వైదేహి నెత్తిన అక్షింతలు పడ్డాయి. శేషారత్నం గారి కుడిచెయ్యి ఒళ్ళోంచి కొంచెం లేచింది, తానే వేస్తున్నట్టు.

అప్పుడు సర్వేశాన్ని తాళ్ళతో కట్టి తెచ్చారు.

"గుమ్మానికి," అన్నారు ఎవరో. "గుమ్మానికి," అన్నారు ఇంకెవరో.

కథలో పెద్దాయన గుమ్మం వంక చూశాడు. పసుపు రాసి, మామిడాకులు కట్టిన గుమ్మం. "పెళ్ళి జరిగిన గుమ్మానికి ఈ పాపం ఎందుకు," అన్నాడు. "ఈ ఊరి నీళ్ళు వీడికి వద్దు. ఏరు దాటించండి. మళ్ళీ ఈ ఒడ్డున కాలు పెడితే అప్పుడు చూద్దాం."

సర్వేశం పశ్చాత్తాపపడలేదు. వెళ్తూ వెళ్తూ పెళ్ళిపందిట్లోంచి ఒక వెండి గ్లాసు జేబులో వేసుకున్నాడు. వెనక వరసలో మాష్టారు నవ్వారు, నవ్వు దగ్గులోకి పోయింది. పడవవాడు లాంతరు వెలిగించాడు. ఏరు పొంగుతోంది. పడవ ఎప్పటిలాగే కారుతోంది. సగం ఏట్లో లాంతరు కనపడలేదు.

"మునిగాడా?" అన్నారు పానకాలు గారు, కుర్చీ అంచు మీదికి వచ్చి.

అవతలి ఒడ్డున లాంతరు కనిపించింది. నీళ్ళు ఇంకా పెరిగాయి. పడవ తిరిగి రాలేదు. ఇవతల మిల్లు గేటు రెండు రెక్కలూ దగ్గరికి వేసి గడియ పెట్టారు. లోపల అందరూ ఉన్నారు. మిల్లు తిరగడం మొదలైంది. ఆ చప్పుడుతో కథ ఆపాను.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. దీపాలు కదిలాయేమో అనిపించింది. అంకె తొంభై ఏడు.

పానకాలు గారి చెయ్యి జేబు మీదినుంచి జారింది. ఆయన కూడా కళ్ళు మూసుకుని ఊపిరి వదిలినవాళ్ళలో ఉన్నారు. ఏళ్ళుగా మాటల్లేని ఇళ్ళవాళ్ళు చేతులు పట్టుకున్నారు. శేషారత్నం గారు నా బుగ్గలు పుణికి, "ఇదమ్మా ముగింపంటే. అందరూ ఇంట్లో ఉండాలి, ఆ దరిద్రుడు పోవాలి," అన్నారు.

ఆఖరి వరసలో సుభాషిణి గారు లేచి నిలబడ్డారు.

"లేవండి," అన్నారు భర్తతో. "సామాను కట్టుకోవాలి."

"ఇంతలోకే ఎక్కడికమ్మా?" అన్నారు శేషారత్నం గారు, ఇంకా ముక్కు తుడుచుకుంటూనే.

"మావాణ్ణి ఊరు దాటించారు కదండీ. మీవాళ్ళందరూ ఊళ్ళోనే ఉన్నారు."

గోడ మీద అంకె దిగడం చూశాను. తొంభై, డెబ్భై, యాభై. మాష్టారు కర్ర పట్టుకుని మెల్లగా బయటికి నడిచారు. ఇరవై.

ఆదివారం

ప్రార్థన అయి బయటికి వచ్చేసరికి కాన్వెంటు ముందు జనం ఉన్నారు. కొందరు ఆవకాయ సీసాలు తిరిగి ఇమ్మన్నారు. తినేశానన్నాను. ఖాళీ సీసా అయినా ఇమ్మన్నారు. ఇచ్చాను. దాంతో ఏ సీసా ఎవరిదో తెలిసింది.

కంచి కమిటీ నన్ను పిలిపించింది.

"నీకు తెలిసే చేశావా?" అన్నారు పానకాలు గారు.

"అందరూ ఇంట్లో ఉండాలన్నారు కదండీ."

"అన్నారనుకో. మనుషులు అన్నీ అంటారు. అవన్నీ రాసేస్తావా?"

నేను నేల చూశాను. సిగ్గుపడే మనిషి నేల చూస్తే తప్పు ఒప్పుకున్నట్టు కనపడుతుంది. అది నాకు చాలాసార్లు పనికొచ్చింది.

శేషారత్నం గారు నియమం రద్దు చేయాలన్నారు. దర్జీ ఇంటాయన అయితే రోగులకు ముందు అన్న పాత నియమమే తెమ్మన్నాడు, అంటూనే దగ్గాడు. అది విని పక్కాయన దగ్గాడు. గది చివరిదాకా దగ్గు పాకింది. పానకాలు గారు బల్ల చరిచారు. నియమం తిరగతోడితే ఎవరికి లాభమోనని ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుతో రద్దు మాట పోయింది. ట్యాంకు మీద చెయ్యేసి ఒప్పుకున్నది కాబట్టి కట్టుబడతామని అందరూ గంభీరంగా అన్నారు.

మరి కొత్త గిన్నెలో మిగతా గదులు? దానికి రెండో భాగం రాయించాలట. అందులో మిల్లు దివాలా తీసి ఊరు ఖాళీ అవుతుందట. అంకె ఎనభై దాటాలనే షరతు దానికీ ఉంటుందా అని అడిగాను. ఉంటుందన్నారు. అక్కడున్నవాళ్ళలో ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"సరే. ప్రస్తుతానికి ఊరు దాటినవాళ్ళు," అని పానకాలు గారు పంక్తిలో ఉన్న పేర్లన్నీ గుర్తు చేసుకున్నారు. వేళ్ళు చాలక కాసేపు ఆగారు. "ఒక్కడే. ఆ సర్వేశం." తల అడ్డంగా ఊపారు. "చివరికి దొంగవెధవకే కిటికీ."

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోకూడదని మాకు కాన్వెంటులో నేర్పారు.

మధ్యాహ్నం మాష్టారి పుస్తకాలు నేనే మోశాను. రెండు గిన్నెల మధ్య నడవ పొడుగ్గా ఉంది, ఆయన నాలుగుసార్లు ఆగారు. సుభాషిణి గారు ముందు నడుస్తూ, పళ్ళు పీకే కుర్చీ కూడా తెప్పించుకుంటానని, పన్ను నొప్పి వచ్చినవాళ్ళు ఇక ఇంత దూరమూ నడిచి వచ్చి తన భర్త ఆరోగ్యం అడిగి మరీ నోరు తెరవాలని చెబుతున్నారు. కొత్త తలుపు దాటాక గాలికి వాసనే లేదు. మాష్టారు కిటికీ ముందు కూర్చుని భూమి వంక చూశారు. తరవాత ఒక వాక్యం అన్నారు, రెండోది అన్నారు, మూడోది, నాలుగోది.

"వాణ్ణి మంచివాణ్ణి చెయ్యలేదు నువ్వు. గ్లాసు కూడా కొట్టేశాడు. పోయేవాడు పోయాడు. లెక్క సరిపోయింది."

తిరిగొచ్చేసరికి సిస్టర్ క్లెమెన్షియా మంచం మీద కూర్చుని ఉంది.

"పడవ ఇంకా కారుతోందా?"

"దాటేసింది సిస్టర్," అన్నాను. అటక మీదినుంచి ఆమె ట్రంకు పెట్టె దించి, దుమ్ము తుడిచి, ముందు పెట్టాను.

తొమ్మిదేళ్ళ కిందటి చీటీల్లో మా కాన్వెంటుకు వచ్చింది పడవవాడు.